రెండెకరాల కయ్య, దిగుబడి ఒక విమానం

కాకరవారిపాళెం చెంగయ్యకు చదువు రాదు, ఈత రాదు, నోరు మూసుకుని ఉండటం అసలే రాదు. వచ్చిందల్లా ఒక్కటే, కయ్య చదును చేయడం. కనీసం ఆయన అలా చెప్పుకునేవాడు. తాను దమ్ము చేసి చదును పలక లాగాక, ఏ పక్కకు పారాలో తెలియక నీళ్ళు మూడు రోజులు నిలబడిపోయాయనీ, చివరకు తానే వచ్చి దారి చూపించాల్సి వచ్చిందనీ చెప్పేవాడు. కొంగలు చేపల కోసం కాదు, మొహం చూసుకోవడానికి తన కయ్యకు వస్తాయనేవాడు. ఈ మాటలు నెల్లూరు దాకా చెప్పాడు. నెల్లూరు అవతల ఆయనకు తెలిసినవాళ్ళు లేరు గనక అక్కడితో ఆగాడు.

ఆ ఏడు నారు ఇరవై రెండు రోజులకొచ్చింది. దమ్ము అయింది, చదును అయింది. మర్నాడు నాట్లకు వస్తామని పన్నెండు మంది ఆడవాళ్ళు మాటిచ్చారు. ముప్పై అయిదు రోజులు దాటిన నారు ముదిరిపోతుంది, నాటినా పిలకలు వేయదు. అంటే చెంగయ్య ఇంట్లో ఏడాది అన్నమంతా ఆ మిగిలిన పదమూడు రోజుల మీద నిలబడి ఉంది. ఆయన మాత్రం గెనిమ గట్టు మీద నిలబడి కయ్యను చూసుకుంటున్నాడు.

"మేయ్ పెంచలమ్మా, చూడు, ఒక్క గీతుండాదా?"

"చూసినాలే. పెళ్ళికూతురు మాదిరి ఎంతసేపు చూస్తావు? అన్నం చల్లారిపోతా ఉండాది, రా," అంది ఆయన భార్య.

నెల్లూరు పక్కనున్న విమానాల బడిలో నేర్చుకునే పిల్లలు చిన్న విమానాల్లో రోజూ ఆ ఊరి మీదుగా తిరుగుతారు. ఒక్క ఇంజను, రెండు సీట్లు. కోళ్ళ ఫారం జనరేటరు గాల్లో పోతున్నట్టు చప్పుడు. ఊళ్ళో ఎవరూ తలెత్తి చూడరు. ఆ పొద్దు అందరూ తలెత్తి చూశారు, ఎందుకంటే చప్పుడు ఆగిపోయింది.

ముందు రెండు దగ్గులు దగ్గింది. తర్వాత ఏమీ లేదు. ముక్కు మీది రెక్క కరెంటు పోయిన ఫ్యాను మాదిరి నిలబడిపోయింది. విమానం కొంచెం తల దించుకుని, ఒక పెద్ద చుట్టు చుట్టి, గాలికి ఎదురు తిరిగి, చెంగయ్య తలపాగా ఎగిరిపోయేంత కింద నుంచి జారుకుంటూ వచ్చింది. కయ్యలో మొదట చక్రాలు తగిలాయి. ఆ తర్వాత బురద లేచింది. ఎంత లేచిందంటే, పక్కూరి వాళ్ళు వాన వస్తోందనుకుని ఆరేసిన బట్టలు తీసుకున్నారని చెంగయ్య చెబుతాడు. బురద కిందికి దిగాక చూస్తే విమానం ముక్కు భూమిలో, తోక ఆకాశంలో పెట్టుకుని నిలబడి ఉంది.

తలుపు తీసుకుని ఒక పిల్ల దూకింది. ఇరవై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయి, అక్కడి నుంచే నమస్కారం పెట్టింది.

"దెబ్బలేమన్నా తగిలినాయా పాపా?" అని చెంగయ్య పరుగెత్తాడు.

"లేదు మామా. నా పేరు షబానా, మాది నెల్లూరే. ఇంజన్ ఆగిపోయింది."

"ఆగిపోతే రాయి మాదిరి పడిపోవాల గదా?"

"పడదు మామా. ముక్కు కొంచెం దించి పట్టుకుంటే గద్ద మాదిరి జారతా వస్తాది. ఎత్తు ఉన్నంతసేపు మనకు టైము ఉన్నట్టు. ఆ టైములో దిగేదానికి చోటు చూసుకోవాల. కరెంటు తీగలు ఉండకూడదు, చెట్లు ఉండకూడదు, చదునుగా ఉండాల."

చదును అన్న మాట దగ్గర చెంగయ్య ఆగిపోయాడు.

"అంటే, ఇన్ని కయ్యలుండంగా నా కయ్యకే ఎందుకు వచ్చినావు?"

"పైనుంచి చూస్తే మెరిసిపోతా ఉండాది మామా. సిమెంటు కళ్ళం అనుకున్నా. తడి నేలని తెలిసుంటే వచ్చేదాన్ని కాదు."

రెండో వాక్యం చెంగయ్య చెవిలో పడలేదు. మొదటి దానితోనే చెవులు నిండిపోయాయి. "ఇన్నావా పెంచలమ్మా? సిమెంటు కళ్ళం అనుకునిందంట! విమానం నేర్చుకున్న పిల్ల!"

"ఇన్నాలే. ముందు ఆ పిల్లకి మంచినీళ్ళియ్యి," అంది పెంచలమ్మ.

విమానాల బడి వాళ్ళకు షబానా ఫోను చేసింది. పొద్దున్నే లారీ, మెకానిక్కులు వచ్చి, రెక్కలు విప్పి పట్టుకుపోతామన్నారు. ఒక పూట పని. నాట్లు ఒక రోజు వెనక్కి జరుగుతాయి, అంతే. ఆ అంతే దగ్గరే చెంగయ్య పంటల నమోదు కార్యాలయానికి బయల్దేరాడు. ఆ సాయంత్రంతో నమోదు గడువు ఆఖరు. నమోదు కాని కయ్యకు కాలవ నీళ్ళు వదలరు.

నమోదు గుమాస్తా ఆదిశేషయ్య రెండేళ్ళలో రిటైరు కాబోతున్న మనిషి. చేతిలో కొత్తగా ఇచ్చిన పలక లాంటి యంత్రం. ఒక్కో అక్షరానికి ఒక్కో వేలు వెతుక్కుంటూ, బయటున్న వంద మందిని తల ఎత్తకుండా నమోదు చేసుకుంటున్నాడు.

"విస్తీర్ణం?"

"రెండెకరాలు సార్."

"ఏముందయ్యా కయ్యలో?"

"అదే చెప్తాండా సార్, నా కయ్యలో విమానం దిగబడింది."

"దిగుబడి తర్వాత. ముందు ఏముందో చెప్పు."

"విమానం సార్!"

"విమానం," అని యంత్రంలో కొట్టాడు ఆదిశేషయ్య. వంద మంది వంద రకాల విత్తనాల పేర్లు చెబుతుంటే ఆయనకు ఇది నూటొకటో రకం. "ఇప్పుడు చెప్పు. దిగుబడి ఎంత?"

"దిగబడింది ఒకటే సార్."

"రెండెకరాలకీ కలిపి ఒకటేనా?"

"ఇంకోటి కూడానా సార్!"

"సర్లే, వేలి ముద్ర వెయ్యి."

చెంగయ్య వేశాడు. కాగితం వచ్చింది. ఇంటికి తెచ్చి, అయిదో తరగతి చదివిన పెంచలమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దీపం వత్తి చూసినట్టు దగ్గరకు పెట్టుకుని చదివింది.

"పంట, విమానం. దిగుబడి, ఒకటి." కాగితం కిందికి దించింది. "యావయ్యా, ఇదేంది? పోయి మార్పించుకునిరా, ఇంకా గంట టైముండాది."

చెంగయ్య చెప్పులు వేసుకున్నాడు కూడా. గుమ్మం దాటాడు కూడా. కానీ దారిలో టీ బంకు ఉంది. టీ బంకులో కాగితం చదివించాడు. అందరూ ఒక్క క్షణం ఆయన వైపు చూసిన చూపు ఉంది చూడండి, అలాంటి చూపు అంతకు ముందెప్పుడూ ఆయన వైపు ఎవరూ చూడలేదు. "ఎకరాకి అరవిమానమా!" అన్నాడొకడు. ఆ గంట అక్కడే అయిపోయింది.

మర్నాడు లారీ వచ్చింది. దాని వెనకే జీపు వచ్చింది. జీపులోంచి వ్యవసాయ శాఖ పెద్దాఫీసరు త్రివిక్రమంగారు దిగారు. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు, వెనక గొడుగు పట్టుకున్న ఆదిశేషయ్య.

"సదరు ఉత్పత్తిని ఎక్కడికి తరలిస్తున్నారు?" అన్నారు త్రివిక్రమంగారు.

"మా విమానం సార్, తీసుకుపోతున్నాం," అన్నాడు మెకానిక్కు.

"మీ విమానం కాదు. నమోదైన వ్యవసాయ దిగుబడి. తేమ శాతం, తాలు శాతం నిర్ధారణ కాకుండా, గోనె సంచుల్లో నింపకుండా, పొలం గట్టు దాటడానికి వీల్లేదు."

చెంగయ్య నవ్వాడు. తప్పు పడింది సార్, మార్చండి, అన్నాడు. త్రివిక్రమంగారు నవ్వలేదు.

"నమోదైన పంటను మార్చే అధికారం యంత్రానికి లేదు. యంత్రానికి లేని అధికారం నాకెక్కడి నుంచి వస్తుంది? కోత పూర్తయి, దిగుబడి తేలిన పిమ్మటే సదరు భూమి ఖాళీ అయినట్టు. అంతదాకా మరో పంటకు అనుమతి ఉండదు. విమానానికి నీటి తడి అవసరం లేదని నమోదైంది కాబట్టి మీ తూము మూసివేయడమైనది."

చూస్తుండగానే తూముకు తాళం పడింది. నారు ఇరవై మూడు రోజులు.

తేమ పరీక్ష అక్కడే జరిగింది. ధాన్యంలో గుచ్చే సూదిని షబానా కూర్చునే సీట్లో గుచ్చారు. ఇరవై రెండు శాతం వచ్చింది. ఉండాల్సింది పదిహేడు.

"ఎండబెట్టాలి," అన్నారు త్రివిక్రమంగారు. "పలచగా పరచండి. రెండు గంటలకొకసారి తిరగేయండి."

"తిరగేయాలా సార్? విమానాన్నా?"

"అన్ని వైపులా సమానంగా ఎండవలెను."

చెంగయ్య, పెంచలమ్మ, షబానా, నలుగురు మెకానిక్కులు మూడు రోజులు విమానాన్ని తిరగేశారు. పొద్దున బోర్లా, మధ్యాహ్నం వెల్లకిలా. ఊళ్ళోవాళ్ళు వడియాలు తెచ్చి రెక్కల మీద ఆరబెట్టుకున్నారు. నాలుగో రోజు సీటులో పదహారు శాతం వచ్చింది. తాలు ఉందేమో చూడటానికి ఒక చేటలో స్క్రూలు, నట్లు పోసి చెరిగారు. ఏదీ గాలికి పోలేదు. త్రివిక్రమంగారు ఎంతో సంతోషించి, "నాణ్యత మొదటి రకం" అని రాసుకున్నారు. విత్తన రకం కింద తోక మీది అక్షరాలు ఎక్కించుకున్నారు.

సంచుల దగ్గర చిక్కొచ్చింది. రెక్క గోనె సంచిలో పట్టలేదు.

"పెద్ద సంచుల కోసం పై కార్యాలయానికి రాయడమైనది," అన్నారాయన. నారు ఇరవై తొమ్మిది రోజులు.

ఈ మధ్యలో షబానా గొడవ షబానాది. విమాన ప్రమాదాల విచారణ కార్యాలయం నుంచి ఒక కాగితం వచ్చింది. ఇంజను ఆగి దిగడాన్ని వాళ్ళ భాషలో ఏదో అంటారు, దాన్ని ఎవరో తెలుగు చేసి "బలవంతపు దింపుడు" అని రాశారు. కింద గడి, "బలవంతం చేసిన వారి పేరు." ఆ పిల్ల విసుగొచ్చి "భూమి ఆకర్షణ" అని రాసి పంపింది. వారంలో తిరుగు టపా. "సదరు భూమి ఆకర్షణ తండ్రి పేరు, ఊరు తెలియజేసిన యెడల విచారణకు పిలిపించగలము."

"మీ వాళ్ళు కూడా మా వాళ్ళ మాదిరే ఉండారు పాపా," అన్నాడు చెంగయ్య. అదొక ఓదార్పు.

ఇంతలో కాకరవారిపాళెం దిగుబడి లెక్క జిల్లా దాటి పైకి పోయింది. పైవాళ్ళకు నచ్చింది. ఎరువు లేదు, పురుగు మందు లేదు, నీళ్ళు లేవు, ఒక్క రోజులో పంట. ప్రతి ఊరూ పదెకరాలు విమాన సాగు కిందకు తేవాలని ఉత్తర్వు వచ్చింది. రైతులు కయ్యల్ని చదును చేసి, గెనిమల మీద కూర్చుని పైకి చూస్తూ మెడలు పట్టేయించుకున్నారు. ఒకరిద్దరి కయ్యల్లో గాలిపటాలు దిగాయి. వాటిని నాసిరకం కింద రాసుకున్నారు.

విత్తనం ఏదన్న ప్రశ్న వచ్చింది. త్రివిక్రమంగారు చాలా ఆలోచించి, ఈ పంటకు విత్తనం ఇంజను ఆగిపోవడమేనని తేల్చారు. విమానాల బడికి ఉత్తరం వెళ్ళింది. దాన్ని షబానా తెచ్చి చెంగయ్యకు చదివి వినిపించింది.

"రాబోవు సీజనుకుగాను ఎకరాకు ఒక ఇంజను వైఫల్యం చొప్పున, ధ్రువీకరించిన మేలు రకం వైఫల్యాలను సబ్సిడీపై సరఫరా చేయవలసినదిగా కోరడమైనది. కాలం చెల్లిన వైఫల్యాలు అంగీకరించబడవు."

"మీ పెద్దసారు ఏమన్నాడు?" అడిగాడు చెంగయ్య.

"ఇప్పటిదాకా ఊరకనే ఇస్తా ఉండాం, సబ్సిడీ దేనికి అన్నాడు."

పెంచలమ్మ అంత నవ్వు నవ్వడం ఎన్నేళ్ళ తర్వాతో. చెంగయ్య కూడా నవ్వాడు. తర్వాత నారుమడి దాకా పోయి ఒక మొక్క పీకి చూశాడు. కాండం గట్టిపడుతోంది. నవ్వు ఆగింది. ముప్పై ఒకటి.

ఆయన అప్పుడైనా జీపుకు అడ్డం పడుకుని ఉండొచ్చు. పడుకోలేదు. ఎందుకంటే అదే రోజు ఆదిశేషయ్య వచ్చి, "చెంగయ్యా, ఈ ఆదివారం నీ కయ్యలోనే రైతు సదస్సు. నీకు ఆదర్శ రైతు బిరుదు, శాలువా. పెద్దలొస్తారు. ఇది మన శాఖకు పైలట్ ప్రాజెక్టు," అన్నాడు.

"పైలట్ ఆ పాప గదా సార్," అన్నాడు చెంగయ్య. అన్నాడే గానీ, శాలువా అన్న మాట ఆయన భుజాల మీద అప్పుడే పడిపోయింది. ఆ మూడు రోజులూ చొక్కా ఏది వేసుకోవాలని ఆలోచించాడు. నారు గురించి కూడా ఆలోచించాడు, కాకపోతే చొక్కా తర్వాత.

"నారు ముప్పై నాలుగు," అంది పెంచలమ్మ ఆదివారం పొద్దున. అని, నారుమడి వైపు పోయింది.

సదస్సుకు మూడు వందల మంది వచ్చారు. షామియానా వేశారు. మధ్యలో విమానం, తోకకు మామిడాకుల తోరణం. రైతులు చెంగయ్యను ప్రశ్నలు అడిగారు. దుక్కి ఎన్ని సాళ్ళు? పక్షుల బెడద ఉంటుందా? ఇంజను లేకుండా పండే రకం ఉందా? చెంగయ్య అన్నిటికీ జవాబు చెప్పాడు. "అంతా చదునులో ఉండాదబ్బా," అన్నాడు. "మా తాత నాయనకు చెప్పినాడు, నాయన నాకు చెప్పినాడు. చదునుంటే పైనుంచి పోయేది కూడా ఆగి చూస్తాది."

శాలువా కప్పే ముందు పంట కోత ప్రయోగం జరగాలి. అది పద్ధతి. కాగితం మీద లాటరీ మాదిరి పడిన అంకెలు చూసి, కయ్యలో అయిదు మీటర్ల చదరంగా ఒక ముక్కకు తాడు కడతారు. ఆ తాడు లోపల ఉన్న పంట కోసి, తూచి, దాన్ని బట్టి మొత్తం దిగుబడి తేలుస్తారు. కొడవలి, త్రాసు తెచ్చారు. ఆదిశేషయ్య అంకెలు చదివాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి నాలుగు మేకులు కొట్టాడు.

తాడు కట్టాక చూస్తే లోపల బురద తప్ప ఏమీ లేదు. విమానం నాలుగు బారల దూరంలో, తోరణంతో సహా, నిలబడి ఉంది.

త్రివిక్రమంగారు తాడు చుట్టూ ఒకసారి తిరిగారు. "దిగుబడి శూన్యం," అన్నారు.

"సార్, అదో ఉండాది గదా," అని వేలు పెట్టి చూపించాడు ఒక రైతు.

"తాడు బయట ఉన్నది శాస్త్రీయం కాదు."

మూడు వందల మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. షబానా చెంగయ్య పక్కకు జరిగి చెవిలో చెప్పింది. "మామా, దిగుబడి సున్నా అంటే విమానం లేనట్టే గదా. లేనిదాన్ని తీసుకుపోయేదానికి పర్మిట్టు ఎందుకు? కయ్య ఖాళీ అయినట్టే."

చెంగయ్య నారుమడి వైపు ఒక అడుగు వేశాడు కూడా. కానీ త్రివిక్రమంగారు అప్పుడే ఒక ఫారం తీశారు.

"దిగుబడి ఒకటి అని నమోదైంది. శూన్యం అని తేలింది. తేడాకు కారణం కావాలి. కారణం లేకుండా సున్నా వేయడానికి వీల్లేదు. వరద?"

"రాలేదు సార్," అన్నాడు ఆదిశేషయ్య.

"కరువు?"

"ప్రకటించలేదు సార్."

"తెగులు?"

"విమానానికి ఏ తెగులూ నోటిఫై కాలేదు సార్."

"అయితే ఒక్క గడే మిగిలింది." కళ్ళజోడు సర్దుకున్నారు. "రైతు అసమర్థత. భూమిని సరిగా చదును చేయలేకపోవడం వల్ల పంట చేయి జారినదని రైతు స్వయంగా, సభాముఖంగా ఒప్పుకుని వేలి ముద్ర వేయాలి. లేని పక్షంలో వచ్చే సీజనులో మళ్ళీ కోత ప్రయోగం నిర్వహిస్తాము, అంతదాకా తూము తెరవబడదు. శాలువా అప్పుడు కూడా కప్పవచ్చు. ఏమంటారు?"

శాలువా ఎర్రది. జరీ అంచు. ఒక పళ్ళెంలో మడతపెట్టి, చెంగయ్యకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. మైకు ఇంకా దగ్గరగా ఉంది. చెంగయ్య మూడు వందల మందినీ చూశాడు. అందులో సగం మందికి తన కయ్య గురించి తానే చెప్పి ఉన్నాడు. నారుమడి వైపు చూశాడు. అక్కడ పెంచలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండానే, నారు పీకి కట్టలు కడుతోంది. నాటడానికి కయ్య ఉంటుందో లేదో తెలియకుండానే కడుతోంది.

చెంగయ్య మైకు పట్టుకున్నాడు. ఆయన చేతికి మైకు వస్తే వదలడని ఊరంతటికీ తెలుసు. ఆ రోజు మాత్రం నాలుగు ముక్కలే చెప్పాడు.

"అబ్బయ్యల్లారా, నేను ఇన్నాళ్ళు చెప్పినదంతా వట్టి కోతలు. నా కయ్య చదును కాదు. నాకు చదును చేసేది రాదు. మా నాయన నేర్పినాడు, నాకు రాలేదు."

మైకు కింద పెట్టాడు. వేలి ముద్ర వేశాడు. శాలువా పళ్ళెం జీపెక్కింది.

ఆ తర్వాత అంతా చకచకా అయిపోయింది. లేని విమానానికి రెక్కలు విప్పి మెకానిక్కులు లారీ ఎక్కించారు. తాడు చుట్టేస్తున్న ఆదిశేషయ్య పక్కనుంచే లారీ పోయింది. ఆయన దానికి దారిచ్చి, "ఏమీ పోవడం లేదు," అని రిజిస్టరులో రాసుకున్నాడు. తూము తాళం తీశారు. నీళ్ళు పారాయి. ముప్పై అయిదో రోజు పొద్దునకి పన్నెండు మంది ఆడవాళ్ళు కయ్యలో వరసగా వంగి ఉన్నారు. షబానా కూడా పంచె ఎగగట్టినట్టు పైజామా మడుచుకుని వరసలో చేరింది. విమానం నడపడం కన్నా ఇదే కష్టమంది.

చెంగయ్య నారు కట్టలు అందిస్తున్నాడు గానీ తల ఎత్తడం లేదు. మధ్యాహ్నానికి గెనిమ మీద కూర్చున్న పెంచలమ్మ పక్కకు వచ్చి చతికిలబడ్డాడు.

"ఊరంతా నవ్వతా ఉంటారు మేయ్. పంట కోసం అబద్ధం చెప్పుకున్నా. నన్ను నేనే తిట్టుకున్నా."

పెంచలమ్మ కయ్య వైపు చూసింది. తూర్పు పక్కన నాటే ఆడవాళ్ళకు నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. పడమటి పక్కన ఉన్నవాళ్ళకు పాదం కూడా తడవడం లేదు. ఆ మధ్యలో షబానా అటు ఒక కాలు, ఇటు ఒక కాలు వేసి, ఒక భుజం ఎత్తుగా, ఒక భుజం పల్లంగా నిలబడి నాటుతోంది.

"అబద్ధమా?" అంది పెంచలమ్మ. "ముప్పై ఏండ్లు కాపరం చేసినా, నీ నోట్లో నుంచి ఒక్క నిజం వచ్చి, దాని మీద వేలి ముద్ర పడేది నిన్ననే చూసినా. లేచి ఆ తూర్పు పక్క నీళ్ళు తియ్యి, నారు మునిగిపోతా ఉండాది."

చెంగయ్య పార తీసుకుని తూర్పుకు నడిచాడు. నడుస్తున్న కొద్దీ నీళ్ళు పైకి వచ్చాయి.